పుట్టకూ ఆసుపత్రికీ మధ్య

(నాగుల చవితికి రెండు రోజుల ముందు గుంటూరు బ్రాడీపేటలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు రైతులను, విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. తమ్ముడూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. చివరి బల్ల మీద కూర్చున్న పెద్దాయనకు నా మాట వినపడాలి.

మొదట ఒక పని చేస్తాను. ఇదిగో, ఇది గాజు గొట్టం. కొత్తది. సబ్బుతో కడిగినది కాదు, తడి లేదు. దీన్ని ఈ బల్ల మీద నిలబెడుతున్నాను. ఇందులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోశామనుకోండి. ఎవరి రక్తం? ఇప్పుడే ఆటోలో తెచ్చిన ఒక రైతుది. చేలో ఏదో కరిచింది. ఏ పామో తెలియదు, చీకటి. మడమ పైన రెండు గాట్లు, పిక్క దాకా వాపు. రక్తం తీసి గొట్టంలో పోశాం. ఇక దీన్ని ఎవరూ కదపకూడదు. ఎంతసేపు? ఇరవై నిమిషాలు. ఇప్పుడు ఆరు గంటల పది. అమ్మాయీ, నీ చేతికి గడియారం ఉంది కదా, ఆరున్నర కాగానే నాకు చెప్పు. ఈలోగా మనం మాట్లాడుకుందాం.

ఎల్లుండి నాగుల చవితి. చలిమిడి, చిమ్మిలి చేసుకుని తెల్లవారకముందే పుట్ట దగ్గరికి వెళతాం. మా అమ్మ నన్ను చంకన వేసుకుని వెళ్లేది. పాలు పోసి, పుట్టమన్ను తీసి నా చెవులకు రాసేది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తుంది. పుట్ట దగ్గర మన ఆడవాళ్లు ఏమని మొక్కుకుంటారో ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? సిరి ఇమ్మని కాదు ముందు అడిగేది. పొరపాటున కాలు పడితే పగపట్టకు, మావాళ్లే అనుకుని పక్కకు తప్పుకో అని అడుగుతారు. తొక్కుతామేమో అన్న భయం అది. పొలంలో బతికేవాళ్ల మొక్కు అది. పాము మనల్ని వెతుక్కుంటూ రాదు, మనమే దాని మీద కాలు వేస్తాం, అప్పుడు కరుస్తుంది. ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. నేను వైద్య కళాశాలలో నేర్చుకున్నది కూడా ఇంతకన్నా ఎక్కువ కాదు.

పాలు తాగుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెబుతున్నాను. తాగదు. దానికి ఆహారం ఎలుక, కప్ప, బల్లి. పాలు పోయాలనుకుంటే పుట్ట పక్కన పోయండి, కన్నంలోకి మాత్రం వద్దు. లోపల ఉన్నది ఊపిరి తీసుకునే ప్రాణి.

మన దేశంలో మూడు వందలకు పైగా జాతుల పాములున్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి మనిషిని చంపే విషం లేదు. మన ప్రాంతంలో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాగుపాము సంగతి మీకు నేను చెప్పాలా? పడగ విప్పి ముందే హెచ్చరిస్తుంది. ఆగిపోతే, మెల్లగా వెనక్కి అడుగు వేస్తే, అది దాని దారిన పోతుంది. చిన్నపింజర జానెడు, మూరెడు ఉంటుంది. మెట్ట నేలల్లో, రాళ్ల కింద ఉంటుంది. ఒళ్లు చుట్టలు చుట్టి, పొలుసులు ఒకదానికొకటి రాసి రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. చిన్నదే కదా అని కర్రతో కదిపారో, మెరుపులా ఎగిరి కాటు వేస్తుంది.

మిగిలిన రెండింటి దగ్గర నేను కొంచెం ఆగాలి.

రక్తపింజర. దీనికి ఇంకో తెలుగు పేరుండేది, మనం పోగొట్టుకున్నాం. పద్దెనిమిదో శతాబ్దం చివర పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేశాడు. కోస్తాలో దొరికే పాములను పట్టించి, బొమ్మలు వేయించి, 1796లో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. ఆయనకు ఆ పాముల పేర్లు ఎవరు చెప్పి ఉంటారు? మనవాళ్లే. పాములు పట్టి తెచ్చినవాళ్లే. రక్తపింజర బొమ్మకు ఆయన రాసుకున్న పేరు ఏమిటో తెలుసా? కాటుక రేకుల పొడ. అవును, కాటుక రేకుల పొడ! ఎంత చక్కటి పేరు! దాని వీపు మీద మూడు వరుసల్లో గుండ్రటి మచ్చలు, ఒక్కొక్క మచ్చ చుట్టూ నల్లటి అంచు, కంటికి కాటుక దిద్దినట్టు ఉంటుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పామును రసెల్ పేరుతోనే పిలుస్తోంది. దానికి కాటుక దిద్దిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బంగారస్. అది మన బంగారమే. పసుపు, నలుపు పట్టీలుండే బంగారు పాము పేరు నుంచే అది వచ్చింది.

ఈ పేరు మీకు ఎందుకు చెబుతున్నాను? ఆ మచ్చలు చూడటం నేర్చుకుంటారని. కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరను చేత్తో ఎత్తినవాళ్లను నేను చూశాను. కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దీని మచ్చలు గొలుసు గుచ్చినట్టు వరుసలో ఉంటాయి. ఇంకో గుర్తు, బుస. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి తన్నుకొస్తుంది చూడండి, అలా ఉంటుంది. ఆ చప్పుడు వినపడితే కాలు అక్కడే ఆపండి.

ఇది గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఒక ఈతకు ఇరవై, ముప్పై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పుట్టిన రోజు నుంచే పిల్లకు విషం ఉంటుంది. ఇక ఎక్కడ ఉంటుంది? వచ్చే నెల మీరు వరి కోస్తారు. పనలు చేలో ఆరుతూ ఉంటాయి. పనల కింద ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం ఇది చేరుతుంది. ఉదయాన్నే మంచులో మీరు రెండు చేతులూ చాచి పనను కౌగిలించుకుని ఎత్తుతారు. కరిచేది అక్కడే, చేతి మీద. నేను చూసిన కార్తీక, మార్గశిర మాసాల కాట్లలో చేతి కాట్లు చాలా ఉండేవి. అందుకే అడుగుతున్నాను, ముందు ఒక కర్రతో పనను తిరగేసి చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఎకరానికి ఒక పూట పని పెరుగుతుందని ఒక రైతు నాతో అన్నాడు. పెరగనివ్వండి. నేను ఆయనకు అదే చెప్పాను.

ఇప్పుడు కట్లపాము. ఈ సంగతి చెప్పడం నాకు సులువు కాదు. అయినా చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరి పేరు చెప్పను, మార్చి నెలలో ఒక తెల్లవారుజామున ఒక తల్లి ఎనిమిదేళ్ల ఆడపిల్లను ఎత్తుకొచ్చింది. మిరపకాయలు కల్లంలో ఆరబోసి, దొంగల భయానికి ఇంటిల్లిపాదీ అక్కడే గోనెపట్టాల మీద పడుకున్నారు. పిల్ల మూడు గంటలకు కడుపు నొప్పి అని లేచింది. నేను పొట్ట నొక్కి చూశాను. మెత్తగా ఉంది. జ్వరం లేదు, ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. రాత్రి ఏం తిన్నది అని అడిగాను. ఆ తల్లి ఒక మాట అన్నది. కళ్లు తెరవలేకపోతోంది బాబూ, నిద్ర చాలలేదేమో అన్నది. నేను కూడా నిద్రే అనుకున్నాను. కడుపు నొప్పికి మందు ఇచ్చి, బెంచీ మీద పడుకోబెట్టమన్నాను. ఏడు గంటలకు పిల్ల మంచినీళ్లు మింగలేకపోయింది. నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు నాకు తెలిసింది. అప్పుడు జీపు కోసం పరుగెత్తాను. అప్పటికి మా దగ్గర ఊపిరి తీయించే యంత్రం లేదు. దారిలో నేను చేత్తో బెలూను నొక్కుతూనే ఉన్నాను. ఆ పిల్ల మాకు దక్కలేదు.

కల్లంలో గోనెపట్టా ఎత్తితే కట్లపాము ఉందని సాయంత్రం వాళ్ల మేనమామ వచ్చి చెప్పాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ రెప్పలు వాలడం నిద్ర కాదు. కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే కబురును తెంపుతుంది. తెగిన కబురు మొదట కనపడేది కనురెప్పల్లోనే. తరువాత చూపు రెండుగా చీలుతుంది, మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆడదు. మనిషికి స్పృహ మాత్రం ఉంటుంది. మనం మాట్లాడేది వినపడుతుంది, జవాబు చెప్పలేరు. కాటు నొప్పి ఉండదు. చీమ కుట్టిందేమో, దోమ కుట్టిందేమో అనిపిస్తుంది. చాలాసార్లు అది కూడా అనిపించదు. గాటు కంటికి కనపడకపోవచ్చు. అది రాత్రి తిరిగే పాము, ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. నిద్రలో పక్కకు దొర్లితే కరుస్తుంది.

కాబట్టి ఇక్కడున్న తల్లులందరికీ ఒక్కటే చెబుతున్నాను. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పి అనో, గొంతు పట్టేసింది అనో లేచి, రెప్పలు వాల్చేస్తుంటే, పాము కనపడకపోయినా సరే, గాటు లేకపోయినా సరే, కట్లపాము అనే అనుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లి, రాత్రి నేల మీద పడుకున్నాం అని మీరే ముందు చెప్పండి. ఆ డాక్టరు నాలాంటి కుర్రవాడైతే ఆ ఒక్క మాట అతనికి దారి చూపిస్తుంది. వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఊపిరి నిలబెడితే నరాలు మళ్లీ కోలుకుంటాయి. ఆ తరువాతి కాలంలో అలా లేచి నడిచి ఇంటికి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

మంచం మీద పడుకోండి. మంచం లేదా? దోమతెర కట్టి, అంచులు నాలుగు వైపులా చాప కిందికి దోపండి. దోమ రాని చోటికి కట్లపాము కూడా రాదు.

ఎంత అయింది అమ్మా? పది నిమిషాలేనా? సరే. గొట్టాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

కాటు పడింది. ఏం చేయాలి? ఇక్కడ మీరు చెప్పండి. ఆ, తాడు కట్టాలి అంటున్నారు. ఇంకా? బ్లేడుతో కోసి రక్తం పిండాలి. వేపాకు తినిపించి చేదు తెలుస్తుందో లేదో చూడాలి. అన్నీ విన్నాను, అన్నీ చేసి తెచ్చినవాళ్లను చూశాను. దయచేసి ఏదీ చేయకండి. బిగించి కట్టిన తాడు రక్తాన్ని ఆపుతుంది. రెండు మూడు గంటలు గడిస్తే కాలు నల్లబడుతుంది. పాము చంపకుండా వదిలిన మనిషికి మనం కట్టిన తాడు వల్ల కాలు తీసేయవలసి వస్తుంది. ఇప్పటికే ఎవరైనా కట్టి ఉంటే దారిలో విప్పకండి, ఒక్కసారిగా విషం పైకి ఎక్కుతుంది. ఆసుపత్రిలోనే విప్పాలి. ఇక బ్లేడు. రక్తపింజర కాటుకు రక్తం గడ్డకట్టదని ఇప్పుడే కదా చెప్పబోతున్నాను, ఆ రక్తాన్ని మీరు కోసి వదులుతారా?

ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు తీసేయండి. వాపు వస్తే అవి కోసుకుపోతాయి. విరిగిన ఎముకకు దబ్బలు కట్టినట్టు వదులుగా కట్టి, కాలు కదలకుండా ఉంచండి. నడిపించకండి. 108కు ఫోను చేయండి. బండి ఆలస్యమయ్యేలా ఉంటే మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనుక ఒకరు పట్టుకుని బయలుదేరండి. పామును పట్టి తేవద్దు, చంపి తేవద్దు. దాన్ని వెతకడానికి వెళ్లి రెండో మనిషి కాటు తిన్న సంగతులు నాకు తెలుసు. మొదట చెప్పిన ఆ నాలుగు పాములకూ ఒకే మందు. పేరు తెలియకపోయినా మేము వైద్యం చేస్తాం.

మంత్రం గురించి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు. మంత్రంతో బతికినవాళ్లు ఉన్నారా? ఉన్నారు. కరిచినది జెర్రిపోతు అయితే, నీరుకట్టె అయితే, బతుకుతారు. నాగుపాము కూడా ఒక్కోసారి కాటు వేస్తుంది గానీ విషం వదలదు. అప్పుడూ బతుకుతారు. ఆ పేరు మంత్రానికి వస్తుంది. నేను మంత్రగాళ్లను ఎప్పుడూ తిట్టలేదు. ఊళ్లో అర్ధరాత్రి తలుపు తట్టగానే లేచేది ఆయన ఒక్కడే. రేపల్లె వైపు ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన ఇంటికి వెళ్లి నా గోడు చెప్పుకున్నాను, ఆ పిల్ల సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ వానాకాలం నుంచి ఎవరు వచ్చినా, నువ్వు బండి ఎక్కు, నేను ఇక్కడ కూర్చుని మంత్రం వేస్తూనే ఉంటాను, అది దారి పొడుగునా నీ వెంట వస్తుంది అని పంపించేవాడు. ఎంతమంది ప్రాణాలు ఆయన ఖాతాలో ఉన్నాయో! మీ ఊళ్లో అలాంటి పెద్దమనిషి ఉంటే వెళ్లి కలవండి. చేతులు జోడించి అడగండి.

2018 ఆగస్టు గుర్తుందా? దివిసీమలో, అవనిగడ్డ, మోపిదేవి, ఘంటసాల వైపు వరుసగా పాముకాట్లు. ఆసుపత్రులకు రోజూ జనం. చివరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి హోమం చేయించారు. నేను హోమాన్ని తప్పుపట్టను, భయం వేసినప్పుడు మనిషి దేవుణ్ణి తలుచుకుంటాడు. కానీ అది ఏ సమయం? నాట్ల సమయం. చేలన్నీ నీళ్లు. ఎలుకకూ, పాముకూ, మనిషికీ పొడిగా మిగిలిన జాగా ఒక్కటే, గట్టు. ముగ్గురూ ఆ గట్టు మీదే నడుస్తున్నారు. హోమంతో పాటు ఆ గట్ల మీద నడిచేవాళ్ల కాళ్లకు బూట్లు, చేతికి టార్చిలైటు కూడా అందాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

2020లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని లెక్క తేల్చారు. ఏడాదికి సగటున 58 వేలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంతమంది పోతున్నా ఎవరికీ ఎందుకు పట్టలేదు? పోయేవాళ్లు కూలీలు, రైతులు, వాళ్ల పిల్లలు. 2017లో గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చలేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం. ఆ లక్ష్యం ఢిల్లీలో నెరవేరదు. మీ మండలంలోని ఆరోగ్య కేంద్రంలో మందు సీసాలు ఉన్నాయా లేవా అన్న దగ్గర నెరవేరుతుంది. వానలకు ముందే వెళ్లి అడగండి. పది మంది కలిసి అడగండి. అడగడం మీ హక్కు.

ఆ మందు ఎలా వస్తుందో తెలుసా? గుర్రానికి చాలా కొద్ది కొద్దిగా విషం ఎక్కిస్తారు. గుర్రం చనిపోదు, దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది. ఆ రక్తం నుంచి తీసి, పొడిగా మార్చి సీసాల్లో నింపుతారు. మరి విషం ఎవరు తీస్తారు? చెన్నై శివార్లలో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టుకున్నారు. పాములను పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. వాళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో! మన దగ్గర యానాదులున్నారు. కుండలో గడ్డి పెట్టి నిప్పంటించి, ఎలుక కన్నంలోకి పొగ ఊది, గట్టంతా ఖాళీ చేస్తారు. ఎలుకలు లేని గట్టు మీదికి పాము ఎందుకు వస్తుంది? వాళ్లను పిలవండి, గిట్టుబాటు కూలి ఇవ్వండి. జెర్రిపోతును మాత్రం కొట్టకండి. కూలి అడగకుండా ఎలుకలు పట్టేది అదొక్కటే. రెండు పెనవేసుకుని లేస్తే సయ్యాట అని గుడ్డ కప్పబోతారు. అవి చాలాసార్లు రెండు మగపాములు, కుస్తీ పడుతుంటాయి. దూరంగా నిలబడి చూడండి.

ఒక తల్లి నన్ను అడిగింది, పదకొండు నెలల బిడ్డకు పది సీసాల మందా, సగం చాలదా అని. నేను తిరిగి అడిగాను, బిడ్డ చిన్నదని పాము విషం తగ్గించి వేసిందా తల్లీ? విషం అంతే, మందూ అంతే. దురద, ఆయాసం రావచ్చు, దానికీ ఇంజెక్షను పక్కనే పెట్టుకుంటాం. అందుకే ఈ మందు ఇంటి దగ్గర వేయరు.

అయిందా అమ్మా? ఆరున్నర. మంచిది.

ఇప్పుడు గొట్టాన్ని ఇలా చేతిలోకి తీసుకుని, మెల్లగా, ఒక్కసారి మాత్రమే వంచుతాం. మీలో ఎవరి రక్తమైనా ఈపాటికి జున్నులా గడ్డకట్టి అడుగున నిలబడుతుంది, వంచినా జారదు. రక్తపింజర విషం ఎక్కిన రక్తం జారుతుంది. మొదటిసారి నేను చూసినప్పుడు అది కానుగ నూనె పారినట్టు గోడ వెంట పారింది. ఆ మనిషి మంచం మీద కూర్చుని నాతో మాట్లాడుతున్నాడు, నాకేం కాలేదు డాక్టరు గారూ, ఇంటికి పంపండి, గేదెలకు మేత వేయాలి అంటున్నాడు. అంటుంటే చిగుళ్ల దగ్గర ఎర్రటి గీత కనపడింది. నేను గొట్టం ఆయనకు చూపించాను. ఇంకేమీ చెప్పలేదు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది గుచ్చమని చెయ్యి చాచాడు. విషానికి మూత్రపిండాలు దెబ్బతిని, రెండు వారాలు డయాలసిస్ పడింది. సంక్రాంతికి ఇంటికి వెళ్లాడు.

జారితే వెంటనే మందు మొదలుపెడతాం. గడ్డకడితే పంపించెయ్యం, మళ్లీ తీసి మళ్లీ చూస్తాం, ఒక రోజంతా దగ్గర ఉంచుకుంటాం. ఈ గొట్టం ఇక్కడే ఉంటుంది, దగ్గరికి వచ్చి చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు ఆ తలుపు దగ్గర చెయ్యి ఎత్తిన అమ్మ.